చూలు నిలిచిందా, జారిందా? రక్తం, పాలు చెప్పే మాట

మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు పోయే ఎక్స్‌ప్రెస్ వే కింద, అత్తాపూర్‌లో చిరునామాలు స్తంభాల నంబర్లతో చెప్పుకుంటారు. ఫలానా నంబరు స్తంభం ఎదుట అంటే చాలు, ఆటోవాడు తీసుకుపోయి దింపుతాడు. ఆ స్తంభాల వెంట నర్సింగ్ హోముల బోర్డులు, రక్త పరీక్షా కేంద్రాల బోర్డులు కనిపిస్తుంటాయి. షాబాదు, శంషాబాదు వైపు నుండి నగరానికి పాలు తెచ్చే రైతు ఈ బోర్డుల పక్కగానే పోతుంటాడు. ఇంట్లో కోడలికి నెల తప్పితే ఇక్కడ ఒక్క చుక్క రక్తం చూసి కడుపు నిలిచిందీ లేనిదీ చెబుతున్నారు. మూడు నెలలు మేపిన తరువాత "కట్టలేదు" అనిపించుకునే నా గేదెకు అటువంటి పరీక్ష లేదా అని ఆ రైతు అడిగితే, ఆ ప్రశ్నలో న్యాయం ఉన్నది.

గేదెకూ, ఆవుకూ కూడా అటువంటి పరీక్ష ఉన్నది. రక్తంతోనే కాదు, పాలతో కూడా చేయవచ్చును. అయితే ఆ పరీక్ష దేనిని చెప్పగలదు, దేనిని చెప్పలేదు అనేది తెలియకుండా డబ్బు ఖర్చు చేస్తే ప్రయోజనం లేదు. మనుషుల విషయంలోనూ ఇదే మాట. ఒక అంకె చూసి ఆశ పడడం, అదే అంకె చూసి దిగులు పడడం, ఆ అంకెను పెంచాలని సూదులు వేయించడం ఇప్పుడు పట్నంలోనూ, పల్లెలోనూ కనబడుతున్నవి. కాబట్టి దీనిని కొంత వివరంగా తెలుసుకోవడం మంచిది.

నష్టం ఎక్కడ జరుగుతున్నది?

ముందు లెక్క చూడండి. గేదె గాని, ఆవు గాని 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది. ఒక ఎద తప్పిపోతే 21 రోజులు పోయినట్లే. వట్టిపోయిన పశువుకు రోజుకు 150 రూపాయల మేత అవుతుందనుకుంటే, ఒక ఎద ఖరీదు 3,150 రూపాయలు. చేతి పరీక్షకు మూడు నెలల తరువాత తీసుకుపోయి, అప్పుడు కట్టలేదని తెలిస్తే 13,500 రూపాయలు మట్టిలో పోసినట్లు. మీ ఇంటి లెక్క మీరు వేసుకోండి. అంకె మారవచ్చును గాని, దారి మారదు.

మంచి వీర్యంతో, మంచి సమయంలో కట్టించిన పశువులలో పదింటికి ఇంచుమించు తొమ్మిదింటిలో అండం ఫలిస్తుంది. కాని ఒక్కసారి కట్టించినందుకు ఈనేవి పదింటికి ఐదు, అంతకు తక్కువ కూడా. మిగిలిన నాలుగు ఏమైనట్లు? అవి కట్టలేదని మనం అనుకుంటాము. నిజానికి చాలావరకు కట్టినవే. పిండం మొదటి రెండు మూడు వారాలలోనే కరగిపోయింది. అంత చిన్న పిండం పోయినప్పుడు నెత్తురు కనబడదు, మావి కనబడదు, పశువు ఒక పూట మేత మానదు. మళ్లీ ఎదకు వస్తుంది, అంతే. రైతు దానిని "తిరగపొర్లింది" అంటాడు. ఆరో నెల, ఏడో నెలలో ఈసుకుపోతే ఊరంతా చెప్పుకుంటారు గాని, పాడికి ఎక్కువ నష్టం చేసేది ఎవరికీ కనబడని ఈ మొదటి రోజుల నష్టమే.

గేదెలలో మరొక మెలిక ఉన్నది. ఇటలీలో నేపుల్స్ ప్రాంతాన గేదెలను పెద్ద ఎత్తున పెంచి, వాటి పాలతో జున్ను చేస్తారు. అక్కడి పరిశోధకులు 2000 తరువాతి సంవత్సరాలలో గమనించినదేమంటే, పొద్దు పెరిగే నెలలలో కట్టించిన గేదెలలో చాలావాటికి పిండం 25 నుండి 45 రోజుల మధ్య పోతున్నది. అంటే 21వ రోజున ఎదకు రాలేదని సంతోషించిన గేదెలో కూడా తరువాత మూడు వారాలలో పిండం పోయే అవకాశం ఉన్నది. గేదె సహజంగా పొద్దు కుదించుకునే నెలలలో బాగా కట్టే జాతి కదా.

పచ్చముద్ద, దాని హార్మోను

ఈ పరీక్ష అర్థం కావాలంటే అండాశయంలో ఏమి జరుగుతుందో తెలియవలె. ఎదలో అండం విడుదలైన చోట ఒక చిన్న ముద్ద ఏర్పడుతుంది. వైద్యులు దీనిని కార్పస్ లూటియం అంటారు. మనం పచ్చముద్ద అనుకుందాము. ఆవులో ఇది నిజంగానే పసుపు రంగులో ఉంటుంది. గేదెలో అంత పసుపుగా ఉండదు. ఆవు నెయ్యి పచ్చగా, గేదె నెయ్యి తెల్లగా ఉండడానికి ఉన్న కారణమే దీనికీ ఉన్నది: ఆవు శరీరంలో నిలిచే పచ్చని వర్ణద్రవ్యం గేదెలో నిలవదు.

ఈ ముద్ద నుండి ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ఊరుతుంది. గర్భసంచి కదలకుండా, పిండానికి పోషణ అందేటట్లు చూసేది ఇదే. 1903లో జర్మనీ దేశపు వైద్యుడు లుడ్విగ్ ఫ్రాంకెల్ కుందేళ్లలో ఈ ముద్దను తీసివేస్తే చూలు నిలవదని చూపాడు. 1929లో అమెరికాలో కార్నర్, ఆలెన్ అనే ఇద్దరు, ఆ ముద్ద నుండి తీసిన రసం ఎక్కిస్తే అండాశయాలు లేని కుందేలులో కూడా చూలు నిలుస్తుందని నిరూపించారు. 1934లో హార్మోనును శుద్ధంగా వేరు చేశారు.

అండం ఫలించకపోతే ఏమవుతుంది? సుమారు 16, 17 రోజులకు గర్భసంచి ప్రోస్టాగ్లాండిన్ అనే మరొక పదార్థాన్ని వదులుతుంది. అది పచ్చముద్దను కరిగిస్తుంది. ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, పశువు 21వ రోజుకు మళ్లీ ఎదకు వస్తుంది. పిండం ఉంటే, సరిగ్గా ఆ రోజులలోనే అది ఒక కబురు పంపుతుంది: నేనున్నాను, ముద్దను కరిగించవద్దు అని. ఆవు జాతిలో ఈ కబురు పేరు ఇంటర్‌ఫెరాన్ టౌ. అప్పటికి బలహీనంగా ఉన్న పిండం ఆ కబురు గట్టిగా పంపలేకపోతే, ప్రాణంతో ఉండి కూడా పోతుంది.

మనుషులలో ఈ కబురు వేరు. స్త్రీలలో పిండం హెచ్.సి.జి. అనే హార్మోనును పంపుతుంది. అది రక్తంలోకి, మూత్రంలోకి పుష్కలంగా వస్తుంది. అందుకే మందుల దుకాణంలో దొరికే చిన్న పట్టీతో ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చును. ఆవు, గేదె ఆ హార్మోనును తయారుచేయవు. ఆ పట్టీని గేదె మూత్రంలో ముంచితే ఏమీ తెలియదు. కొందరు ప్రయత్నించి చూస్తుంటారు గనుక ఈ మాట చెప్పవలసి వచ్చింది.

గోధుమ గింజల పరీక్ష సంగతి కూడా అడుగుతుంటారు. చూడి ఆవు మూత్రంలో నీరు కలిపి గోధుమలు నానబెడితే మొలక రాదని, వట్టి ఆవు మూత్రంలో మొలక వస్తుందని దాని సూత్రం. మన దేశంలో పశువైద్యులు దీనిని పరీక్షించి చూశారు. వింత ఏమిటంటే, పురాతన ఈజిప్టులో స్త్రీలకు చేసిన ఇటువంటి పరీక్షలో గింజ మొలిస్తేనే గర్భమని లెక్క. చూలు లేని పశువు మూత్రం చిక్కగా ఉన్నా మొలక ఆగిపోతుంది. సరదాకు చేసి చూడండి. దానిని నమ్మి పశువును అమ్మవద్దు.

పాలలో పరీక్ష ఎలా వచ్చింది?

ప్రొజెస్టిరాన్ రక్తంలో ఎంత స్వల్పంగా ఉంటుందంటే, దానిని నానోగ్రాములలో కొలవాలి. గ్రామును 100 కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఒక నానోగ్రాము. మిల్లీలీటరు రక్తంలో ఇంచుమించు 1 నానోగ్రాముకు మించి ఉంటే పచ్చముద్ద పనిచేస్తున్నదని అర్థం. ఇంత స్వల్పాన్ని కొలిచే పద్ధతిని 1950ల చివర న్యూయార్కులో రోజలిన్ యాలో, సోలమన్ బర్సన్ కనిపెట్టారు. అణుధార్మిక పదార్థాన్ని గుర్తుగా వాడే ఈ పద్ధతికి 1977లో యాలోకు నోబెల్ బహుమతి వచ్చింది. బర్సన్ అంతకు ముందే 1972లో చనిపోయాడు.

1971లో ఇంగ్లండులో లేయింగ్, హీప్ అనేవారు ఆవు పాలలో కూడా ఈ హార్మోను కొలవవచ్చునని చూపారు. ప్రొజెస్టిరాన్ కొవ్వులో కరుగుతుంది. కాబట్టి వెన్న ఉన్న పాలలో రక్తంలో కంటె ఎక్కువే ఉంటుంది. సూది గుచ్చే పని లేదు, పశువును కట్టి పడేసే పని లేదు. ఆ తరువాత ఆ దేశంలో రైతులు పాల సీసా పంపి ఫలితం తెప్పించుకునే ఏర్పాటు జరిగింది. 1980లలో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి ఆసియా, ఆఫ్రికా దేశాల ప్రయోగశాలలకు ఈ పరీక్షా సామగ్రిని అందించాయి. ఇప్పుడు అణుధార్మికత అవసరం లేకుండా రంగు మారడాన్ని బట్టి చెప్పే ఎలీసా పద్ధతి వచ్చింది.

మన దగ్గర మండల పశువైద్యశాలలో ఈ పరీక్ష మామూలుగా ఉండదు. అత్తాపూర్ దాటి కొద్ది కిలోమీటర్లు పోతే రాజేంద్రనగర్‌లో, 1946లో హైదరాబాదులో మొదలైన పశువైద్య కళాశాల ఉన్నది, ఇప్పుడది పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. పదే పదే తిరగపొర్లే విలువైన పశువు ఉంటే, మీ మండల పశువైద్యుని చీటీతో అక్కడి ఆసుపత్రికి తీసుకుపోయి ఏ పరీక్ష అవసరమో అడగండి. ప్రతి పశువుకూ ప్రతి నెలా హార్మోను పరీక్ష చేయించడం వృథా ఖర్చు.

"లేదు" అంటే నమ్మండి, "ఉంది" అంటే ఆగండి

కట్టించిన రోజును సున్నగా లెక్కపెట్టి 21 నుండి 24 రోజుల మధ్య పాలు గాని, రక్తం గాని పరీక్షిస్తారు. హార్మోను తక్కువగా ఉంటే పచ్చముద్ద కరిగిపోయింది, చూలు లేదు. ఈ "లేదు" అనే మాట నూటికి 95కు పైగా నిజమవుతుంది. అందువల్ల వచ్చే ఎదను వదలకుండా పట్టుకోవచ్చును. అసలు ప్రయోజనం ఇదే.

హార్మోను ఎక్కువగా ఉంటే? అక్కడ జాగ్రత్త కావాలి. "ఉంది" అన్న వాటిలో నిజంగా చూడి పశువులు నూటికి 75 నుండి 85 వరకే ఉంటవి. పచ్చముద్ద ఉన్నదంటే పిండం ఉన్నదని అర్థం కాదు. గర్భసంచిలో చీము పట్టినా ముద్ద కరగదు. కొన్ని పశువులకు ఎద 24, 25 రోజులకు వస్తుంది. మరి కొన్నింటికి అసలు ఎద లేనప్పుడే కట్టించి ఉంటారు. అప్పుడు 21వ రోజున కూడా పశువు ఎద మధ్యలోనే ఉండి హార్మోను ఎక్కువగానే కనబడుతుంది. ఇవన్నీ కాక, ఈ రోజు ప్రాణంతో ఉన్న పిండం 30వ రోజున పోవచ్చును.

ఎద లేనప్పుడు కట్టించడం అన్నాను కదా, అది అరుదు కాదు. గేదెలలో మూగ ఎద ఎక్కువ. అరవదు, ఇతర పశువులపై ఎక్కదు. తీగలు కాస్త కనబడగానే, లేదా దున్న దగ్గరకు వచ్చిందని చెప్పగానే కట్టించేస్తాము. అందుకే పరిశోధకులు కట్టించిన రోజున, 10 నుండి 12 రోజులకు, 22 నుండి 24 రోజులకు మూడు పాల సీసాలు తీసి చూస్తారు. కట్టించిన రోజునే హార్మోను ఎక్కువగా ఉంటే పశువు తప్పు కాదు, వీర్యం తప్పు కాదు. ఎద గుర్తించడంలో తప్పు. నా ఉద్దేశంలో ఒక గ్రామంలో తిరగపొర్లే గేదెలు ఎక్కువగా ఉన్నప్పుడు ఈ మొదటి సీసాయే అన్నిటికంటె విలువైనది. చూలు జారిపోతున్నదని మందులు వాడే ముందు అసలు చూలు పడే అవకాశమే ఇచ్చామా అని తేల్చేది అదే.

నమూనా విషయంలో ఒక హెచ్చరిక. ఆవు రక్తం తీసి ఎండలో అలాగే ఉంచితే, ఎర్ర కణాలు ప్రొజెస్టిరాన్‌ను కొంత కొంత పాడుచేస్తాయి. మధ్యాహ్నం సంచిలో వేసుకొని బస్సులో పట్నం చేర్చే సరికి అంకె పడిపోతుంది. చూడి పశువును కూడా చూడి కాదని చెప్పే ప్రమాదం ఉన్నది. రక్తం తీసిన వెంటనే మంచు మీద పెట్టి, త్వరగా సీరం వేరు చేయించవలె. పాలైతే ఈ ఇబ్బంది తక్కువ. చల్లగా ఉంచి, విరగకుండా చేర్చితే చాలును.

28 రోజుల తరువాత మరొక పరీక్ష ఉన్నది. ఇది పచ్చముద్దను కాక, మావి నుండి వచ్చే ఒక ప్రోటీనును చూస్తుంది. కాబట్టి పిండానికి మరింత దగ్గరి సాక్ష్యం. అయితే ఈ ప్రోటీను ఈనిన తరువాత రెండు నెలలకు పైగా రక్తంలో నిలిచి ఉంటుంది. ఈనిన కొద్ది రోజులకే కట్టించి పరీక్షిస్తే పాత ఈత ప్రోటీనే కనబడి మోసపోతారు. పిండం చనిపోయినా అది ఒక్క రోజులో తగ్గదు. ఈ ప్రోటీను తక్కువగా ఉన్న ఆవులు తరువాత చూలు పోగొట్టుకోవడం ఎక్కువని పరిశోధనలలో తేలింది. కాని ఫలానా పశువు పోగొట్టుకుంటుందని ముందుగా చెప్పడానికి అది చాలదు. అల్ట్రాసౌండుతో 28, 30 రోజులకు పిండం గుండె కొట్టుకోవడం కంటితో చూడవచ్చును. చేయి తిరిగిన పశువైద్యుడు 45 నుండి 60 రోజుల మధ్య చేతితోనే చెప్పగలడు. పల్లెలో నేటికీ అదే ఆధారం.

హార్మోను తక్కువైతే సూది వేస్తే సరిపోదా?

ఇది సహజమైన ప్రశ్న. పొలంలో నత్రజని తక్కువైతే యూరియా వేస్తాము కదా. కాని ఇక్కడ ఆ లెక్క ఎల్లప్పుడూ సాగదు. చాలాసార్లు హార్మోను తగ్గినందువల్ల పిండం పోలేదు. పిండం పోతున్నందువల్ల హార్మోను తగ్గింది. ఇల్లు కాలుతుంటే పొగ వస్తుంది. పొగను విసనకర్రతో తోలితే మంట ఆరదు.

పశువులలో కట్టించిన తరువాత ప్రొజెస్టిరాన్ ఇచ్చి, లేదా 5వ రోజున పచ్చముద్దను బలపరిచే సూదులు వేసి ఎన్నో ప్రయోగాలు చేశారు. కొన్ని మందలలో కొంత లాభం కనిపించింది, మరి కొన్నింటిలో ఏమీ కనబడలేదు. పశువైద్యుడు పరీక్షించి చెప్పినప్పుడు వేయించుకోవచ్చును గాని, దుకాణంలో కొని తెచ్చుకొని వేసే మందు కాదది.

మనుషులలో ఈ సంగతి ఇంకా బాగా తేలింది. మీ ఇళ్లలో కూడా ఈ రిపోర్టులు చూస్తుంటారు గనుక నాలుగు మాటలు చెప్పుకుందాము. గర్భం తొలి వారాలలో హెచ్.సి.జి. అంకె రెండు మూడు రోజులకు ఇంచుమించు రెట్టింపు అవుతుంది. అందుచేత ఒక్క రోజు అంకె పెద్దగా చెప్పదు. 48 గంటల తరువాత మళ్లీ చేసి పోల్చవలె. రెండవ అంకె పెరగకపోతే, తగ్గితే, వైద్యురాలికి అనుమానం కలుగుతుంది. స్కానింగు దానిని తేలుస్తుంది. అంకె నెమ్మదిగా పెరుగుతూ, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం సంచిలో కాక గొట్టంలో నిలిచి ఉండవచ్చును. అది ప్రాణాపాయం. తెల్లవారే దాకా ఆగకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోవలె.

ఇక ప్రొజెస్టిరాన్ మందు. ఇంగ్లండులో బర్మింగ్‌హాం వైద్యులు దీనిపై రెండు పెద్ద పరిశీలనలు నడిపారు. కారణం తెలియకుండా పదే పదే గర్భస్రావం అయిన 836 మంది స్త్రీలపై చేసిన దాని ఫలితం 2015లో వచ్చింది: మందు వాడిన వారిలో నూటికి 65.8 మందికి, ఉత్త మాత్ర వాడిన వారిలో 63.3 మందికి బిడ్డలు పుట్టారు. తేడా లేదనే చెప్పాలి. 2019లో వచ్చిన రెండవ దానిలో తొలి నెలలలో రక్తస్రావం కనిపించిన 4,153 మంది ఉన్నారు. మందు వాడినవారిలో నూటికి 75, వాడనివారిలో 72. కాని అప్పటికే మూడు గాని అంతకు మించి గాని గర్భస్రావాలు జరిగి, మళ్లీ రక్తం కనబడిన వారిలో 72కు 57. ఇది చిన్న తేడా కాదు. అంటే మందు అందరికీ కాదు, కొందరికి. వారెవరో వైద్యురాలు చెప్పవలె. తొలి నెలలలో పోయే గర్భాలలో ఇంచుమించు సగం, పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల పోతాయి. ఆ లోపాన్ని ఏ మందూ సరిచేయదు. బరువు ఎత్తినందుకో, పొలానికి పోయినందుకో పోయిందని కోడలిని నిందించే పెద్దలు ఈ మాట గుర్తుంచుకోవలె.

హార్మోను అంటే మంచిదే కదా, వేస్తే పోయేదేమున్నది అనేవారికి ఒక పాత ఉదంతం. 1938లో లండనులో చార్లెస్ డాడ్స్ డై ఇథైల్ స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ హార్మోనును తయారుచేశాడు. గర్భం నిలుస్తుందనే నమ్మకంతో అమెరికాలో లక్షలాది స్త్రీలకు దానిని ఇచ్చారు. 1953లో షికాగోలో జరిగిన పరీక్షలో అది గర్భాన్ని నిలబెట్టదని తేలింది. అయినా వాడకం ఆగలేదు. 1971లో బోస్టనులో, ఆ మందు తిన్న తల్లులకు పుట్టిన ఆడపిల్లలలో యౌవనంలోనే ఒక అరుదైన కాన్సరు వస్తున్నదని బయటపడింది. అదే మందును 1954 నుండి 1979 వరకు ఆ దేశంలో పశువులకు కొవ్వు పట్టడానికి దాణాలో కూడా కలిపారు.

రైతు చేతిలో ఉన్నది

పరీక్ష చెప్పేది జరిగిన సంగతి. నష్టం జరిగే చోటు కొట్టంలోనే ఉన్నది.

వేడి మొదటి శత్రువు. ఫలించిన అండం మొదటి రెండు మూడు రోజులలో వేడిని అస్సలు ఓర్చుకోదు. గేదె చర్మం నలుపు, చెమట గ్రంథులు తక్కువ. తనంతట తాను చల్లబడలేదు. ఏప్రిల్, మే నెలలలో కట్టించిన గేదెను అదే మధ్యాహ్నం రెండు మూడు కిలోమీటర్లు నడిపించి ఇంటికి తోలుకొని వస్తే, కట్టించిన ఖర్చు దారిలోనే పోతుంది. నీడ, కుంటలో పొర్లడానికి వీలు, అది లేకపోతే రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు చల్లడం, కనీసం ఆ వారమైనా తప్పదు. కట్టించడం కూడా చల్లని పూట పెట్టుకోండి. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాటి ఉదయం అనే పాత నియమం ఇందుకూ కలిసి వస్తుంది.

మేత విషయంలో రెండు వైపులా ప్రమాదమే. ఎముకలు తేలిన పశువు చూలు నిలుపుకోదు. బూజు పట్టిన వేరుశనగ చెక్క విషం. లెక్క లేకుండా చెక్క, యూరియా కలిపిన దాణా పెడితే గర్భసంచిలోని ద్రవం మారి పిండానికి పడదు. రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కొనడానికి వెనుకాడే రైతు, ఎదకు రాలేదని వందల రూపాయల సూదులకు వెనుకాడడు; ఇది నాకు ఎప్పుడూ అర్థం కాదు.

ఊరి దున్న ద్వారా కొన్ని రోగాలు ఒక గేదె నుండి మరొక గేదెకు అంటుకొని, పిండాన్ని తొలి వారాలలోనే చంపుతాయి. దున్నకు ఏ లక్షణమూ కనబడదు. ఒకే దున్నతో దాటించిన పశువులు వరుసగా తిరగపొర్లుతుంటే దానిని అనుమానించి, కృత్రిమ గర్భోత్పత్తికి మారవలె. ఐదో నెల దాటిన తరువాత ఈసుకుపోతే అది బ్రూసెల్లా కావచ్చును. మనుషులకు కూడా అంటుకొని విడవని జ్వరం తెస్తుంది. ఆ మావిని ఉత్త చేతులతో ముట్టవద్దు, పచ్చిపాలు తాగవద్దు. 4 నుండి 8 నెలల మధ్య వయసు గల ఆడదూడలకు టీకా వేస్తారు. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశు వ్యాధి నియంత్రణ పథకం కింద ఇది చేర్చబడింది. పంచాయతీ కార్యదర్శులు టీకా వేసే రోజును ముందుగా చాటింపు వేయిస్తే దూడలు ఇంటి దగ్గర ఉంటాయి, మేతకు పోవు.

మరొక ప్రమాదం మనం కొని తెచ్చుకునేది. ఎదకు రాలేదని ప్రోస్టాగ్లాండిన్ సూది వేయించుతారు. పచ్చముద్దను కరిగించడమే దాని పని. చూడి పశువుకు తెలియక వేస్తే చూలు పోతుంది. కాబట్టి చూడి పరీక్ష చేయకుండా ఆ సూది వేయించవద్దు. ఆ మందు చర్మం గుండా కూడా శరీరంలోకి పోతుంది. గర్భవతులు, ఉబ్బసం ఉన్నవారు ఆ సీసాను, సిరంజిని ముట్టరాదు. కొట్టం పని చేసే ఇల్లాలికి ఈ మాట చెప్పడం మరిచిపోకండి.

తేదీ రాసుకోవడం

ఇవన్నీ ఒక్క తేదీ మీద ఆధారపడి ఉన్నవి. చెవి పోగు మీద 12 అంకెల నంబరు ఉన్నది. దాని పక్కన కట్టించిన తేదీ పుస్తకంలో ఉండవలె. గోపాలమిత్ర వచ్చి కట్టించి పోయిన రోజే క్యాలెండరు మీద గీత పెట్టండి. పశువు బాగులేక కదలలేని స్థితిలో ఉంటే 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. డాక్టరు మొదట అడిగేది కూడా ఈ తేదీనే.

ఉదాహరణకు నవంబరు 1న గేదెను కట్టించారనుకోండి. నవంబరు 22 నుండి 25 వరకు తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు ఎద లక్షణాలు చూడాలి; పాల పరీక్ష చేయించాలనుకుంటే ఆ రోజులే. డిసెంబరు 1 నాటికి స్కానింగు వీలున్న చోట స్కానింగు. ఎదకు రాలేదని అక్కడితో ఊరుకోకుండా డిసెంబరు 14, 15 తేదీల దగ్గర మళ్లీ ఎద కోసం చూడాలి, ఎందుకంటే గేదెలో ఆ రోజుల దాకా పిండం జారే భయం ఉన్నది. డిసెంబరు 31కి అరవై రోజులు నిండుతాయి. చేతి పరీక్ష చేయించండి. నిలిచి ఉంటే, 310 రోజుల లెక్కన సెప్టెంబరు 7 ప్రాంతంలో ఈనుతుంది. జూలై మొదటి వారంలో పాలు వట్టగొట్టడం మొదలుపెట్టాలి.